పర్చేజ్ మేనేజర్‌కి 13.5 లక్షలు సరైన జీతమేనా?

జీడిమెట్ల_శీను
పదకొండేళ్ళుగా పర్చేజ్‌లోనే ఉన్నాను. బీఎస్సీ కెమిస్ట్రీ, తర్వాత దూరవిద్యలో ఎంబీఏ. మొదటి నాలుగేళ్ళు పాశమైలారంలో ఒక ఇంటర్మీడియట్స్ (మందుల తయారీలో మధ్య దశ రసాయనాలు) కంపెనీ, అక్కడి నుంచి ఇప్పుడున్న బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు పదార్థం) కంపెనీ. రెండేళ్ళ క్రితం మేనేజర్‌ని చేశారు. సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 13.5 లక్షలు, నెలకు చేతికొచ్చేది 83 వేల పైచిలుకు. సాల్వెంట్లు, కేఎస్‌ఎమ్‌లు (మందు తయారీ మొదలయ్యే ముడి రసాయనాలు) కలిపి ఏడాదికి 90 కోట్ల దాకా నా చేతి మీదుగా వెళ్తుంది. కింద ఇద్దరు ఎగ్జిక్యూటివ్‌లు.

పోయిన వారం ఒక సంగతి తెలిసింది. నా దగ్గరే పీఓ (కొనుగోలు ఆర్డర్) వేయడం నేర్చుకున్న అబ్బాయి, ఆరేళ్ళ అనుభవం, గచ్చిబౌలిలో ఒక విదేశీ కంపెనీ ఆఫీసులో క్యాటగిరీ మేనేజర్‌గా 22 లక్షలకి చేరాడు. వాడంటే నాకు ఇష్టమే, ఇంకా పైకి రావాలి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు కొనేది లాప్‌టాప్‌లు, హౌస్‌కీపింగ్, క్యాబ్‌లు. నేను కొనేది ఒక్క రోజు ఆలస్యమైతే రియాక్టర్ ఖాళీగా ఉండిపోతుంది.

నా జీతం తక్కువా, లేక మా ఫీల్డే ఇంతా? మీ నంబర్లు చెప్పగలిగితే చెప్పండి. కంపెనీ పేర్లు వద్దు.

స్టోర్స్_బాబు
9 ఏళ్ళు, అసిస్టెంట్ మేనేజర్, బొల్లారం, 8.4. నీ పోస్టు చదివాక నాకూ టెన్షన్ మొదలైంది అన్నా.

పెనుకొండ_బయ్యర్
ఆటో పార్టులు, టియర్ 1 (కార్ల కంపెనీకి నేరుగా ఇచ్చే) సప్లయర్. 8 ఏళ్ళు, 11.2 లక్షలు. కంపెనీ బస్సు ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది, ఇంటద్దె 9 వేలు. హైదరాబాద్‌లో 14 ఇచ్చినా నాకు మిగిలేది ఇంతే. ఆ 22 లక్షల అబ్బాయి అద్దె ఎంత కడుతున్నాడో కూడా అడుగు శీనన్నా.

గచ్చిబౌలి_సోర్సింగ్
అలాంటి సీట్లోనే నేనూ ఉన్నాను. 9 ఏళ్ళు, 27 లక్షలు, అందులో 12 శాతం వేరియబుల్ (పనితీరును బట్టి వచ్చేది). లాప్‌టాప్‌లు, క్యాబ్‌లు అని తేలిగ్గా తీసేయకండి శీను గారూ. మా టీమ్ పదిహేను దేశాల ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొంటుంది. ఒక్క రెన్యువల్‌లో ఎంతమంది నిజంగా వాడుతున్నారో లెక్క తీసి, వాడని లైసెన్సులు తగ్గించి, మూడేళ్ళకి ధర ఖాయం చేస్తే మిగిలేది కోట్లలో ఉంటుంది. కాంట్రాక్టులో ప్రతి క్లాజూ చదవాలి. రాత్రి తొమ్మిదిన్నరకి కాల్స్ ఉంటాయి.

అయినా మీ బాధ నాకు అర్థమైంది. తేడా పనిలో కంటే పోలికలో ఉంది. మీ ఎండీ మిమ్మల్ని పక్క ఫ్యాక్టరీ పర్చేజ్ మేనేజర్‌తో పోల్చి చూస్తారు. మా వాళ్ళు నన్ను అమెరికాలో ఇదే పని చేసే మనిషితో పోల్చి చూస్తారు. వాళ్ళ లెక్కలో నేను చవక, మన లెక్కలో నా జీతం ఎక్కువ.

జీడిమెట్ల_శీను
ఇది నేను ఆలోచించని కోణం. తేలిగ్గా మాట్లాడినందుకు ఏమీ అనుకోకండి.

హెచ్ఆర్_పద్మజ
పన్నెండేళ్ళుగా ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో ఉన్నాను. ముందు ఒక సంగతి. ఇక్కడ కొందరు సీటీసీ చెప్తారు, కొందరు చేతికొచ్చేది చెప్తారు. రెండూ కలిపి పోలిస్తే ఎవరికీ లాభం లేదు. శీను గారి 13.5నే తీసుకుందాం. బేసిక్ సగం ఉందనుకుంటే 6.75 లక్షలు. 10 శాతం వేరియబుల్ అంటే 1.35 లక్షలు పక్కకి పోయింది. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 81 వేలు. గ్రాట్యుటీ 4.81 శాతం, 32 వేల చిల్లర. ఇన్సూరెన్స్ ఒక 15 వేలు. ఇవి తీస్తే 10.87 లక్షలు, అంటే నెలకు 90,500. అందులో ఆయన వాటా పీఎఫ్ 6,750, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే 83,500 దగ్గర వస్తుంది. కొత్త ట్యాక్స్ పద్ధతిలో 2025-26కి ఆయనకి పన్ను పడదు, ఎందుకంటే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్‌తో 12.75 లక్షల దాకా సున్నా.

22 లక్షల అబ్బాయి ఆఫర్ లెటర్‌లో జాయినింగ్ బోనస్ ఎంత, అది ఒక్క ఏడాదికేనా, వేరియబుల్ ఎంత శాతం, మొన్నటి ఏడాది నిజంగా ఎంత చెల్లించారు, ఇవన్నీ చూడాలి. అవి తీసేస్తే పైకి కనిపించేంత తేడా ఉండకపోవచ్చు.

జీడిమెట్ల_శీను
మేడం, నా పే స్లిప్ చూసి రాసినట్టే ఉంది. 83,580.

కడప_కిరణ్
గ్రాట్యుటీ సీటీసీలో ఎందుకు కలుపుతారు? ఐదేళ్ళు ఉండకపోతే రాదు కదా.

హెచ్ఆర్_పద్మజ
కిరణ్, కంపెనీ దృష్టిలో అది నీ మీద పెట్టే ఖర్చు, అందుకే కలుపుతారు. మూడేళ్ళకోసారి కంపెనీ మారే వాళ్ళు ఆ అంకెని సీటీసీ నుంచి తీసేసి చూసుకోవడం మంచిది.

సైట్_పర్చేజ్
నాది వేరే బాధ. బిల్డింగ్ కాంట్రాక్టర్ దగ్గర పర్చేజ్ మేనేజర్‌ని. స్టీలు, సిమెంట్, ఆర్‌ఎమ్‌సీ (రెడీమిక్స్ కాంక్రీట్), టైల్స్, ఎలక్ట్రికల్ అంతా నేనే. 14 ఏళ్ళు, 9.6 లక్షలు. హైక్ అడిగితే మా ఓనర్ నవ్వుతూ ఒక మాటన్నాడు. "నీకేంటయ్యా, పర్చేజ్‌లో ఉన్నావు, పైన వస్తుంది కదా." నేను ఇన్నేళ్ళలో ఒక్క వెండర్ దగ్గర కప్పు టీకి మించి తీసుకోలేదు. ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంట్లో చెప్తే మా ఆవిడ ఏడ్చింది.

స్టోర్స్_బాబు
ఇది చాలామంది అనుభవించేదే అన్నా. మా మామ కూడా పెళ్ళిచూపుల్లో అదే అడిగాడు, "పర్చేజ్ అంటే జీతం కాక ఎంత?" అని.

మిర్యాలగూడ_మధు
ఒప్పుకోవాల్సిన మాట ఒకటి చెప్తా, ఎవరూ తప్పుగా అనుకోకండి. జీతం తక్కువ ఇచ్చి కోట్ల రూపాయల పీఓల మీద సంతకం పెట్టించుకుంటే కొందరు తప్పు చేస్తారు. తప్పు చేసేలా ఉంచేది కంపెనీయే.

రిటైర్డ్_మెటీరియల్స్
మధూ, ఆ మాట నేను ఒప్పుకోను. 1986లో 1,150 రూపాయల జీతంతో చేరాను. అప్పట్లో దిగుమతికి లైసెన్సు కావాలి, మంచి బేరింగ్ ఒకటి దొరకాలంటే నెలల తరబడి తిరగాలి. మా మీద నమ్మకం తప్ప ఇంకేం లేదు. జీతం చిన్నదని చెయ్యి చాపినవాడు జీతం పెరిగినా చాపుతాడు. నేను 34 ఏళ్ళలో చూశాను.

అయితే సైట్_పర్చేజ్ బాబుకి జరిగింది అన్యాయమే. అలా మాట్లాడే యజమాని దగ్గర నిజాయితీకి విలువ కట్టే మార్గం లేదు. బాబూ, ఆ చోటు నీది కాదు. పెద్ద కంపెనీల్లో వెండర్ ఎంపిక ముగ్గురి సంతకంతో నడుస్తుంది, ఆడిట్ ఉంటుంది. అక్కడ నీలాంటి వాడికి మర్యాద ఉంటుంది.

బాలానగర్_వెండర్
వెండర్ తరఫు నుంచి ఒక్క మాట. నాది చిన్న మెషిన్ షాపు, పదిహేను మందిమి. జీతాలు బాగా ఇచ్చే కంపెనీలో పర్చేజ్ మనిషి పదేళ్ళు ఉంటాడు. నా లేత్ మీద ఏ టాలరెన్స్ వస్తుందో, ఏది రాదో ఆయనకి తెలుసు, కాబట్టి రాని పని నాకు ఇవ్వడు. ఇద్దరికీ స్క్రాప్ మిగులుతుంది. ఏడాదికోసారి మనిషి మారే కంపెనీకి నేను కొటేషన్‌లోనే ఐదారు శాతం ఎక్కువ వేస్తాను. డ్రాయింగ్ మొదటి నుంచి అర్థం చేయించాలి, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. పర్చేజ్ వాళ్ళ జీతంలో మిగిల్చింది యజమాని నా బిల్లులో కడుతున్నాడు.

గచ్చిబౌలి_సోర్సింగ్
వెండర్ గారు చెప్పింది చదివాక ఇంకేం రాయాలి! ఇద్దరికీ స్క్రాప్ మిగులుతుంది అంటే తగ్గుతుందనే కదా?

బాలానగర్_వెండర్
అవును, స్క్రాప్ తగ్గి డబ్బు మిగులుతుందని. తొందరలో రాశా.

వైజాగ్_పీఎస్‌యూ
మాది ప్రభుత్వ రంగ కంపెనీ, మా దగ్గర ఈ గొడవే లేదు. ఈ3 గ్రేడ్ స్కేలు, నెల బేసిక్ 60,000 నుంచి 1,80,000. ఏడాదికి 3 శాతం ఇంక్రిమెంట్, డీఏ, పెర్క్‌లు. మెటీరియల్స్‌లో ఉన్నా ప్రొడక్షన్‌లో ఉన్నా అదే స్కేలు. నేను టెండర్‌లో కోటి రూపాయలు మిగిల్చినా జీతంలో తేడా రాదు. పీఆర్‌పీ అనే పనితీరు బోనస్ కంపెనీ లాభాన్ని బట్టి వస్తుంది, నష్టం వస్తే లేదు. 2016లో జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ళ పోర్టల్ వచ్చాక చిన్న కొనుగోళ్ళు తేలికయ్యాయి. టెండర్‌లో ఎల్1కి, అంటే అందరికంటే తక్కువ ధర వేసిన వాడికి ఇవ్వాల్సిందే, బాగా చేసే వాడు ఎల్2 అని తెలిసినా సరే. పైగా సెన్సిటివ్ పోస్టు అని మూడేళ్ళకి సీటు మారుస్తారు. ఒక కమాడిటీ మీద పట్టు వచ్చే సరికి ఇంకో చోటికి పోవాలి.

పెనుకొండ_బయ్యర్
అంటే మీకు భద్రత ఉంది, మాకు పెరుగుదల ఉంది.

వైజాగ్_పీఎస్‌యూ
నా భార్య కూడా ఇక్కడే ఉద్యోగం, పిల్లలు టౌన్‌షిప్ స్కూల్లో చదువుతున్నారు. నేను మారను. కానీ ప్రైవేటుకి వెళ్ళిన నా బ్యాచ్‌మేట్ ఇప్పుడు నాకు రెండింతలు తీసుకుంటున్నాడు, అది కూడా నిజమే.

కవిత_ఇండైరెక్ట్
శీను గారూ, నేను మీ దారిలోనే వచ్చాను. ఏడేళ్ళు ఏపీఐ (బల్క్ డ్రగ్) కంపెనీలో డైరెక్ట్ మెటీరియల్, అంటే తయారీలోకి వెళ్ళే సరుకు చూశాను. పాప పుట్టాక ఏడాదిన్నర ఆగి తిరిగి ప్రయత్నిస్తే ఒక కంపెనీలో మొదటి ప్రశ్న, "వెండర్ ఆడిట్‌కి వాపి, అంకలేశ్వర్ ఒంటరిగా వెళ్ళగలరా?" అంతకు ముందు నేను ఇరవై సార్లు వెళ్ళొచ్చానని చెప్పాను. ఆఖరికి గ్యాప్ ఉంది కదా అని పాత జీతం కంటే 15 శాతం తక్కువ చెప్పారు. వద్దన్నాను. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

తర్వాత ఇండైరెక్ట్‌లో (ఆఫీసు అవసరాల కొనుగోళ్ళు), ఒక ఎంఎన్‌సీ ఆఫీసులో 16కి చేరాను, ఇప్పుడు 23. ఇంటర్వ్యూలో వాళ్ళు నా డిగ్రీ గురించి రెండు నిమిషాలు కూడా అడగలేదు. నలభై నిమిషాలు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: "మీరు ఒక్కసారి చేసిన సేవింగ్ చెప్పండి, దాన్ని ఫైనాన్స్ ఎలా ఒప్పుకుంది?" ఫైనాన్స్ ఒప్పుకోవడం గురించి అడుగుతారని నేను ఊహించలేదు. అదృష్టవశాత్తూ నా దగ్గర ఒక పాత మెయిల్ ఉంది.

జీడిమెట్ల_శీను
కవిత గారూ, ఆ మెయిల్ సంగతి ఇంకాస్త చెప్పగలరా? నాకు సేవింగ్స్ చాలా ఉన్నాయి, కానీ కాగితం మీద ఏదీ లేదు.

కవిత_ఇండైరెక్ట్
ఒక సాల్వెంట్‌కి ఆ ఏడాది బడ్జెట్ ధర కిలో 110. మేం 104కి కొన్నాం, ఏడాదికి 600 టన్నులు. ఆరు రూపాయల చొప్పున 36 లక్షలు మిగిలిందని రాసి పంపాను. ఫైనాన్స్ వాళ్ళు తిప్పి పంపారు. మార్కెట్ అప్పటికే 101కి పడింది, అది నీ గొప్ప కాదు, నిజానికి మూడు రూపాయలు ఎక్కువ పెట్టావు అన్నారు. మొదట కోపం వచ్చింది. తర్వాత వాళ్ళు చెప్పింది సరైనదే అని ఒప్పుకున్నాను. ఆ పై ఏడాది నుంచి నెలవారీ మార్కెట్ ధరతో ముడిపెట్టి ఫార్ములా కాంట్రాక్ట్ రాశాను, మార్కెట్ మీద కిలోకి రూపాయి ముప్పావు తక్కువ. 600 టన్నులకి 10.5 లక్షలు. దాన్ని ఫైనాన్స్ హెడ్ మెయిల్‌లో ఒప్పుకున్నారు. 36 లక్షలని నేను చెప్పుకున్న సేవింగ్ నిలబడలేదు, ఈ 10.5 లక్షల సేవింగే నాకు ఉద్యోగం తెచ్చింది.

హెచ్ఆర్_పద్మజ
కవితా, ఇలా మాట్లాడే వాళ్ళు ఇంటర్వ్యూకి వస్తే మేం బడ్జెట్ దాటి అయినా తీసుకుంటాం. రెజ్యూమెల్లో "కాస్ట్ సేవింగ్స్ సాధించాను" అని అందరూ రాస్తారు.

ఫైనాన్స్_ఫణి
పర్చేజ్ వాళ్ళు మమ్మల్ని శత్రువుల్లా చూస్తారు, అందుకే రాస్తున్నా. మేం చూసేవి మూడే. ధర దేనితో పోల్చారు, వాల్యూమ్ నిజమా, మిగిలిన డబ్బు లాభనష్టాల లెక్కలో, అంటే పీ అండ్ ఎల్‌లో ఎక్కడ కనిపిస్తుంది. చాలామంది క్రెడిట్ పీరియడ్ సంగతి మర్చిపోతారు. 40 కోట్ల కొనుగోలు మీద 30 రోజుల క్రెడిట్ పెరిగితే, 9 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి దాదాపు 29.6 లక్షలు. ధర ఒక్క పైసా తగ్గకుండానే.

బాలానగర్_వెండర్
ఫణి గారూ, ఆ 30 రోజులు నా దగ్గర తీసుకోకండి దయచేసి. నాకు ఉద్యమ్ నంబర్ (చిన్న పరిశ్రమగా రిజిస్ట్రేషన్) ఉంది. 2006 ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. నేను బ్యాంకులో 12 శాతానికి తెచ్చి మీకు ఫ్రీగా అప్పిస్తే నా వాళ్ళకి ఒకటో తారీఖు జీతం ఎలా ఇవ్వాలి?

ఫైనాన్స్_ఫణి
మీరు చెప్పింది న్యాయం. నేను పెద్ద సప్లయర్ల గురించి రాశాను, ఆ మాట ముందే చెప్పాల్సింది. 2023 బడ్జెట్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోకి 43బీ(హెచ్) సెక్షన్ తెచ్చాక మైక్రో, స్మాల్ యూనిట్లకి గడువు దాటించి, మార్చి 31 లోపు కూడా కట్టకపోతే ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేం. ఈ లిస్టు ఎవరెవరిదో పట్టుకుని సమయానికి కట్టించే పర్చేజ్ మేనేజర్ మాకు ట్యాక్స్ మిగులుస్తున్నట్టే. అది కూడా మీ పనితనంలో రాసుకోండి.

కడప_కిరణ్
సర్టిఫికేషన్ల గురించి ఎవరైనా చెప్పండి. సీపీఎస్‌ఎమ్ (అమెరికా సంస్థ ఇచ్చే పర్చేజ్ సర్టిఫికెట్) చేస్తే జీతం పెరుగుతుందా?

పెనుకొండ_బయ్యర్
నేను ఐఐఎమ్‌ఎమ్ (మన దేశంలోని మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ సంస్థ) డిప్లొమా చేశా. సబ్జెక్టు బాగా వచ్చింది, ఇన్వెంటరీ లెక్కలు, కాంట్రాక్ట్ లా అన్నీ. జీతం రూపాయి పెరగలేదు.

గచ్చిబౌలి_సోర్సింగ్
నేను సీపీఎస్‌ఎమ్ చేశా. మూడు పరీక్షలు, డిగ్రీ ఉంటే మూడేళ్ళ అనుభవం చూపించాలి. మా లాంటి ఆఫీసుల్లో రిక్రూటర్ దాన్ని చూసి రెజ్యూమె పక్కన పెట్టకుండా ఉంచుతాడు, అంతవరకే. అక్కడి నుంచి పైకి వెళ్ళేది మీ మాట మీద. యూరప్ కంపెనీలైతే ఎమ్‌సిప్స్ (బ్రిటన్ సంస్థది) అడుగుతారు. జీడిమెట్లలో ప్లాంట్ హెడ్‌కి ఇవేవీ పట్టవు, పట్టాల్సిన అవసరం కూడా లేదు.

దుబాయ్_రాజు
ఆయిల్ అండ్ గ్యాస్ ఈపీసీ (ప్లాంట్లు కట్టే కాంట్రాక్ట్ కంపెనీ)లో ప్రొక్యూర్‌మెంట్, 13 ఏళ్ళు, నెలకు 16 వేల దిర్హమ్‌లు. ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్. ఇది విని వెంటనే టికెట్ కొనకండి. షార్జాలో రెండు బెడ్‌రూమ్‌ల ఇంటికి ఏడాదికి 52 వేలు, అదీ ముందే చెక్కులు ఇవ్వాలి. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు దాదాపు అద్దెతో సమానం. ప్రాజెక్ట్ అయిపోతే మనిషిని పంపేస్తారు. 2020లో నన్ను పంపేశారు, ఏడు నెలలు రాజమండ్రిలో ఉన్నా. నాలుగు రూపాయలు మిగులుతున్నాయి, కాదనను. కానీ అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేను వాల్వుల ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నాను.

రిటైర్డ్_మెటీరియల్స్
రాజూ, అమ్మ ఇప్పుడు ఎలా ఉన్నారు?

దుబాయ్_రాజు
బాగుంది సార్. అడిగినందుకు సంతోషం.

డల్లాస్_సుబ్బు
ఇక్కడి సంగతి. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2024 మే నాటికి పర్చేజింగ్ మేనేజర్ల మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 1 లక్షా 39 వేల డాలర్లు. అదే బయ్యర్లు, పర్చేజింగ్ ఏజెంట్లకి 75 వేల దగ్గర. దీన్ని రూపాయల్లోకి మార్చి చూడొద్దు, ఇక్కడి ఇల్లు, ఇన్సూరెన్స్, డేకేర్ కూడా డాలర్లలోనే. నేను చూడమనేది బయ్యర్‌కీ మేనేజర్‌కీ మధ్య తేడా. పీఓ వేసే మనిషికి ఒక జీతం, ఏది ఎవరి దగ్గర ఎన్నేళ్ళకి కొనాలో నిర్ణయించే మనిషికి ఇంకో జీతం. శీను గారి కార్డు మీద మేనేజర్ అని ఉంది. రోజులో ఎన్ని గంటలు పీఓలు వేస్తున్నారు, ఎన్ని గంటలు నిర్ణయాలు తీసుకుంటున్నారు?

జీడిమెట్ల_శీను
సుబ్బు గారూ, ఈ ప్రశ్న నిన్నటి నుంచి నా తలలో తిరుగుతోంది. ఇవాళ లెక్క రాసుకున్నాను. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు ప్రొడక్షన్ వాళ్ళ ఫోన్లు, ట్యాంకర్ ఎక్కడిదాకా వచ్చింది అని. తర్వాత పీఓలు, సవరణలు. మధ్యాహ్నం సరుకు అందినట్టు రాసే జీఆర్‌ఎన్‌లు, రిజెక్ట్ అయిన డ్రమ్ముల గొడవ. సాయంత్రం పేమెంట్ల కోసం వెండర్ల ఫోన్లు. నిర్ణయం అనేది రోజులో నలభై నిమిషాలు కూడా లేదు.

కానీ ఒకటి చెప్పాలి. 2019లో ఒక కేఎస్‌ఎమ్ మొత్తం చైనాలో ఒకే వెండర్ దగ్గర కొనేవాళ్ళం. నాకు అది భయంగా అనిపించేది. గుజరాత్‌లో ఒక చిన్న తయారీదారుని వెతికి, ఆర్ అండ్ డీ వాళ్ళ వెంటపడి శాంపిల్స్ పరీక్ష చేయించి, మూడు ట్రయల్ బ్యాచ్‌లు, క్వాలిటీ అప్రూవల్ అన్నీ అయ్యేసరికి పది నెలలు పట్టింది. కిలోకి 4 శాతం ఎక్కువ ధర, అందుకు మా అప్పటి బాస్ దగ్గర చీవాట్లు తిన్నాను. 2020 ఫిబ్రవరిలో చైనా నుంచి సరుకు ఆగిపోయింది. మా పక్క యూనిట్లలో లైన్లు ఆగాయి, మాది ఒక్క రోజు కూడా ఆగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

కవిత_ఇండైరెక్ట్
శీను గారూ! ఇది మీ దగ్గర ఉంచుకుని జీతం తక్కువా అని అడుగుతున్నారా!

ఫైనాన్స్_ఫణి
ఆ ప్రొడక్ట్ నెల అమ్మకం ఎంత, కాంట్రిబ్యూషన్ (అమ్మకంలో ముడిసరుకు లాంటి ఖర్చులు పోగా మిగిలేది) ఎంత శాతం? ఈ రెండూ మీ కాస్టింగ్ వాళ్ళ దగ్గర ఉంటాయి. ఎన్ని రోజులు లైన్ ఆగేదో మీ పాత వెండర్ షిప్‌మెంట్ తేదీలు చెప్తాయి. బిల్ ఆఫ్ ఎంట్రీలు (కస్టమ్స్‌లో వేసిన దిగుమతి కాగితాలు) తీసి చూడండి. నాలుగు శాతం ఎక్కువ కట్టినది కూడా దాంట్లోంచి నిజాయితీగా తీసేయండి. మిగిలింది మీ అంకె.

స్టోర్స్_బాబు
అన్నా, వెంటనే తీయించు. మన దగ్గర పాత ఫైళ్ళు ఎక్కువ కాలం ఉండవు.

మిర్యాలగూడ_మధు
ఇవన్నీ చూపించినా మా లాంటి ఓనర్లు ఇవ్వరు. ఇండస్ట్రీలో లాభం ఉంటేనే జీతం. రైస్ మిల్లు మెషినరీ కంపెనీలో నాకు 7.2. మార్జిన్ మూడు శాతం ఉన్న చోట మీ 10.5 లక్షల కథ ఎవరు వింటారు?

గచ్చిబౌలి_సోర్సింగ్
మధు గారూ, మార్జిన్ మూడు శాతం ఉన్న చోటే ఎక్కువ వినాలి. 10.5 లక్షల లాభం కావాలంటే మీ కంపెనీ మూడున్నర కోట్ల సరుకు అమ్మాలి. మీ ఓనర్‌కి ఆ లెక్కలో చెప్పి చూశారా?

మిర్యాలగూడ_మధు
చెప్పలేదు. అలా ఆలోచించలేదు.

రిటైర్డ్_మెటీరియల్స్
మధు మాటలో సగం నిజం ఉంది. ఇండస్ట్రీ, ఊరు, ఎవరికి రిపోర్ట్ చేస్తావు, ఈ మూడూ నీ చేతిలో లేవు. ప్లాంట్ హెడ్ కింద ఉంటే నువ్వు సరుకు తెచ్చేవాడివి. ఫైనాన్స్ హెడ్ కిందో ఎండీ కిందో ఉంటే నువ్వు డబ్బు చూసేవాడివి. అదే మనిషి, అదే పని, జీతాలు వేరు. నేను 2004లో ప్లాంట్ నుంచి కార్పొరేట్‌కి మారినప్పుడే మొదటిసారి బాగా పెరిగింది. శీనూ, మీ కంపెనీలో అలాంటి సీటు ఉందా?

జీడిమెట్ల_శీను
ఉంది సార్. స్ట్రాటజిక్ సోర్సింగ్ అని బంజారాహిల్స్ ఆఫీసులో ముగ్గురున్నారు. ఎప్పుడూ అడగలేదు.

సైట్_పర్చేజ్
పెద్దాయన చెప్పిన మాట మీద మొన్న రెండు చోట్ల అప్లై చేశా. ఒక ఇన్‌ఫ్రా కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. స్టీలు రేట్ కాంట్రాక్టుల గురించి గంట అడిగారు. పైన వస్తుందా అని ఎవరూ అడగలేదు.

హెచ్ఆర్_పద్మజ
సైట్_పర్చేజ్ గారూ, ఆఫర్ వస్తే పాత జీతం మీద 30 శాతం అని ఒప్పుకోకండి. మీ పాత జీతమే తక్కువ. ఆ సీటుకి వాళ్ళు పెట్టుకున్న బడ్జెట్ రేంజ్ ఎంత అని మర్యాదగా అడగండి. అడిగితే ఆఫర్ పోతుందని భయపడతారు, పోదు.

జీడిమెట్ల_శీను
మూడు వారాల తర్వాత వస్తున్నాను, అందరికీ చెప్పాలనిపించింది.

బిల్ ఆఫ్ ఎంట్రీలు దొరికాయి. చైనా సరుకు 41 రోజులు రాలేదు, మా దగ్గర స్టాక్ ఉన్నది 12 రోజులకే. కాస్టింగ్‌లో ఉన్న అమ్మాయి ఓపికగా కూర్చుని కాంట్రిబ్యూషన్ తీసిచ్చింది. 29 రోజులకి, నేను ఎక్కువ కట్టిన ధర తీసేశాక, 3 కోట్ల 10 లక్షలు వచ్చింది. మొదట నేనే నమ్మలేదు, రెండుసార్లు లెక్కపెట్టించాను. దాంతో పాటు గత మూడేళ్ళవి ఇంకో ఏడు రాశాను. కవిత గారు చెప్పినట్టు మార్కెట్ ధరతో పోల్చి చూస్తే నాలుగు నిలబడ్డాయి, మూడు కొట్టేశాను.

ఒకటిన్నర పేజీ కాగితం తీసుకుని ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన 2022లో వచ్చారు, ఇదేమీ తెలియదు. చాలాసేపు చదివి, "ఇది ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా" అన్నారు. బంజారాహిల్స్ ఆఫీసుకి ఆయనే ఫోన్ చేశారు. ఏప్రిల్ నుంచి ఏపీఐ సోర్సింగ్‌లోకి మారుతున్నాను, 17.8. నా దగ్గర నేర్చుకున్న ఆ అబ్బాయికి వచ్చే 22 అంత కాదు. కానీ నాకు ఇష్టమైన పనే, రియాక్టర్లకి సరుకు తేవడమే, ఈసారి నిర్ణయంతో సహా.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను కూడా. కాంట్రాక్ట్ క్లాజులు ఎలా చదవాలో ఈ ఆదివారం ఇంటికొచ్చి నేర్పిస్తానన్నాడు.

కవిత_ఇండైరెక్ట్
చాలా సంతోషంగా ఉంది. వేరియబుల్ ఎంత శాతమో రాయించుకున్నారా?

జీడిమెట్ల_శీను
15 శాతం. టార్గెట్ల లిస్టు మెయిల్‌లో అడిగాను, వచ్చింది.

బాలానగర్_వెండర్
శీను గారూ, ఆ గుజరాత్ చిన్న తయారీదారుకి కూడా ఒక ఫోన్ చేయండి. ఆయనకీ ఈ సంగతి తెలియాలి.

జీడిమెట్ల_శీను
చేశాను. 2020లో మా ఆర్డర్ల వల్లే ఆయన రెండో రియాక్టర్ పెట్టాడట.

కడప_కిరణ్
శీనన్నా, నేను రెండేళ్ళ ఎగ్జిక్యూటివ్‌ని, 4.2. నీలా పదకొండేళ్ళ తర్వాత పాత ఫైళ్ళు వెతక్కుండా ఇప్పటి నుంచే రాసుకోవాలనుంది. ఎక్సెల్‌లో మొదటి కాలమ్‌లో ఏం పెట్టాలి?

జీడిమెట్ల_శీను
ఇండెంట్ (సరుకు కావాలని ప్రొడక్షన్ పంపే కాగితం) వచ్చిన తేదీ. దాని పక్కన ఆ రోజు మార్కెట్ ధర, ఎక్కడ చూశావో కూడా.